ట్రంపెట్ బిట్టు

చిక్కడపల్లి త్యాగరాయ గానసభలో ఒకప్పుడు సినిమా పాటల ఆర్కెస్ట్రా నడిపిన నలుగురు మిత్రులు డెబ్బై దాటాక మళ్లీ కలిశారు. ఈసారి సొంత పాట. నారాయణగూడ సందులో ఓ చిన్న స్టూడియో మాట్లాడుకున్నారు. ఫంక్ దరువు, దానికి బేస్ గిటార్, లీడ్ గిటార్, వాటి మీద ట్రంపెట్. ఎవరి ట్రాక్ వాళ్లు విడిగా వాయించి వెళ్లొచ్చని కుర్ర ఇంజనీరు చెప్పినా వినలేదు. ఒకే గదిలో, ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ వాయించారు. వాళ్ల పట్టుదలే సరైనదని పాట వింటే తెలుస్తుంది; డ్రమ్స్ ఎక్కడ తగ్గుతాయో బేస్‌కి ముందే తెలుసు.

ట్రంపెట్ ఆయన 1980లలో మద్రాసులో కాల్‌షీటు లెక్కన సినిమాలకు వాయించాడు. ఓ రికార్డింగులో "ఇక్కడ ఏదైనా వాయించవయ్యా" అంటే అప్పటికప్పుడు అల్లిన బిట్టు ఒకటుంది. పాట పెద్ద హిట్టు. ఆ బిట్టునే ఇప్పుడు రెండో చరణం ముందు ముచ్చటపడి వాయించాడు.

టీ తాగుతూ డ్రమ్స్ ఆయన అమెరికా డ్రమ్మర్ క్లైడ్ స్టబుల్‌ఫీల్డ్ సంగతి చెప్పాడు. గాయకుడు జేమ్స్ బ్రౌన్ పాట 'ఫంకీ డ్రమ్మర్' కోసం 1969లో ఆయన వాయించిన కొద్ది సెకన్ల దరువును తర్వాత వందల పాటల్లోకి కత్తిరించి అతికించుకున్నారు. పాట మీద ఆయన పేరు లేదు, అందుకే రాయల్టీ హక్కూ లేదు. 2017లో పోయాడు.

"అంత పెద్ద దేశంలో కూడానా!" అని ట్రంపెట్ ఆయన నొచ్చుకున్నాడు.

అశోక్‌నగర్‌లో గ్రూప్స్‌కి చదువుతున్న మనవడు పాటను నెట్‌లో పెట్టాడు. మర్నాడే నోటీసు. రెండో చరణం ముందున్న సంగీతం ఒక ఆడియో కంపెనీదట, పాట మీద వచ్చే డబ్బంతా వాళ్లకేనట.

మనవడు మండిపడ్డాడు. "అది నువ్వు కట్టిందే కదా తాతయ్యా! రుజువు పంపిద్దాం."

పెద్దాయన బీరువాలోంచి పాత రికార్డు తీశాడు. అట్ట మీద సంగీత దర్శకుడు ఉన్నాడు, కవి ఉన్నాడు, గాయకులు ఉన్నారు. తిప్పి చూశారు. అటువైపూ అంతే.

"ఆ నోటీసు ప్రింటు తీయించుకురా. లామినేషన్ కూడా చేయించు."

"ఎందుకు తాతయ్యా?"

"ఇన్నేళ్లలో ఆ బిట్టు గురించి కాగితమ్మీద పడింది ఇదే నాన్నా. నాది కాదనే రాశారనుకో. రాశారుగా."