మెడ లావుగా, ధర సన్నగా

సూర్యాపేట నుంచి హైదరాబాదు ఎంత దూరమో విజయవాడ కూడా దాదాపు అంతే. అందుకని 65వ నంబరు హైవే మీద పోయే బస్సులు మా దగ్గర ఆగి టీ తాగి పోతాయి. సరుకు కావాల్సి వస్తే మాత్రం ఈ చివరికో ఆ చివరికో పరిగెత్తాల్సింది మేమే. అన్నీ అనలేం లెండి. బియ్యమంటే మిర్యాలగూడ ఉంది. సిమెంటు కావాలంటే కోదాడ చుట్టుపక్కల ఫ్యాక్టరీలున్నాయి. సెమీ హాలో ఎలక్ట్రిక్ గిటారు, అందులోనూ మెడ లావుగా, ధర సన్నగా ఉండేది కావాలన్న మనిషికి మాత్రం ఈ మూడూళ్లలో దొరికేవి సలహాలే.

యాభైకి దగ్గరపడుతున్న వయసులో ఈ కోరికేమిటని అడిగేవాళ్లకు నా దగ్గర శాస్త్రీయమైన సమాధానం ఉంది. మామూలు గిటారు మోగిస్తే వీధి చివరి దాకా వినబడుతుంది. నిండు చెక్కతో చేసిన ఎలక్ట్రిక్ గిటారును యాంప్లిఫయరు లేకుండా మీటితే వాయించేవాడికే సరిగ్గా వినబడదు. సెమీ హాలో ఈ రెంటికీ మధ్యది. రాత్రి పదింటికి, పక్క గదిలో పిల్ల ఇంటర్ కెమిస్ట్రీ చదువుకుంటుండగా, ప్లగ్గు పెట్టకుండా వాయించుకోవచ్చు. నాకు వినబడుతుంది, మా ఆవిడకు వినబడదు. సంసారి కోసం ఇంతకంటే ఆలోచించి చేసిన వాద్యం ఇంకోటి లేదు.

చేసినవాళ్లు సంసారి కోసం చేయలేదనుకోండి. పూర్తి డొల్ల గిటారుకు కరెంటు తగిలించి సౌండు పెంచితే బాక్సులోంచి వచ్చిన మోత గిటారు పైచెక్కను కదిలిస్తుంది. చెక్క తీగలను కదిలిస్తుంది, తీగల కదలిక మళ్లీ బాక్సులోకి పోతుంది. పెళ్లి రిసెప్షన్లో మైకు పట్టుకుని బాక్సు ముందుకు నడిచిన యాంకరు ఊరందరి చెవులూ గింగిర్లెత్తించడం చూశారుగా, అదే జబ్బు. అమెరికాలో లెస్ పాల్ అనే వాద్యకారుడు 1940 ప్రాంతంలో దీనికి మొరటు వైద్యం చేశాడు. నాలుగంగుళాల చదరపు దూలం తీసుకుని దానికి తీగలు బిగించాడు. చూసేవాళ్లకు గిటారులా కనబడాలని ఒక ఎపిఫోన్ గిటారును రెండు ముక్కలుగా కోసి అటొకటి ఇటొకటి అంటించాడు. ఈ ఆలోచనకే మర్యాదస్తుల రూపం ఇచ్చి గిబ్సన్ కంపెనీ 1958లో ఈఎస్-335ను తెచ్చింది. నడుమ మేపుల్ దిమ్మె, రెండు పక్కలా డొల్ల, పైన ఎఫ్ అక్షరం ఆకారంలో రెండు రంధ్రాలు. ఇప్పుడు దాని ధర లక్షల్లో ఉంటుంది కాబట్టి దాని సంగతి ఇంతటితో చాలు.

డొల్లా నిండా అన్న ఈ పంచాయితీని మన పాలకొల్లు పిల్లవాడు చిన్నప్పుడే తేల్చేశాడు. మామూలు మాండలిన్ మీద స్వరం పుట్టీ పుట్టగానే చచ్చిపోతుంది. కర్ణాటక సంగీతంలో గమకం పలకాలంటే స్వరం బతికి ఉండాలి. ఉప్పలపు శ్రీనివాస్ నిండు చెక్క ఎలక్ట్రిక్ మాండలిన్ పట్టుకున్నాడు, జంట తీగలు తీసేసి ఐదు ఒంటి తీగలు పెట్టుకున్నాడు, 1978లో గుడివాడలో కచేరీ చేశాడు. అప్పటికి ఆయన వయసు తొమ్మిదేళ్లు. బొబ్బిలి వీణ వాళ్లు ఇంకో దారి పట్టారు. ఒకే పనస మొద్దును తొలిచి, ఎక్కడ డొల్ల కావాలో అక్కడే డొల్ల చేస్తారు. ఆ వీణ దండి లావు చూసినప్పుడల్లా నాకు కడుపు మండుతుంది. వాళ్లకు అంత లావు కర్ర ఇచ్చిన దేవుడు, గిటారు చేసేవాళ్ల దగ్గరికి వచ్చేసరికి ఎందుకింత పిసినారి అయ్యాడు?

మా వంశంలో అందరివీ నాగలి పట్టిన చేతులు. నేను నాగలి పట్టలేదు గానీ అరచేయి మాత్రం వారసత్వంగా వచ్చింది. సన్నమెడ గిటారు పట్టుకుంటే అరచేతిలో ఏమీ ఉన్నట్టుండదు. ఆ ఖాళీకి బొటనవేలూ మిగతా వేళ్లూ ఒకదాన్నొకటి నొక్కుకుంటాయి. ఒక పాట అయ్యేలోపు చెయ్యి పట్టేస్తుంది. లావు మెడ చేతిని నింపుతుంది, చెయ్యి నొక్కడం మానేసి వాయించడం మొదలుపెడుతుంది. పైగా మా జిల్లా ఎండలకు సన్న కర్ర వంగినంత తొందరగా లావు కర్ర వంగదు.

మొదట సూర్యాపేటలోనే అడిగాను. క్యారమ్ బోర్డులకూ డోలక్‌లకూ మధ్య నీలం, ఎరుపు రంగుల గిటార్లు వేలాడుతున్న షాపు అది.

"సెమీ అంటే సగమే ఉంటదా సార్?" అన్నాడు కుర్రాడు.

"అంతా ఉంటది. లోపల సగం డొల్ల."

"మా తాన అన్నీ ఫుల్లు డొల్లే సార్."

నిజాయితీపరుడు. కరెంటు పోతే ఎలక్ట్రిక్ గిటారు దేనికీ పనికిరాదనీ, అదే డబ్బుతో కీబోర్డు తీసుకుంటే తబలా కూడా అదే కొట్టుకుంటుందనీ సలహా ఇచ్చాడు.

మిర్యాలగూడలో మా బామ్మర్ది రైసు మిల్లులో మేనేజరు. "బావా, మా దోస్తు ఒకడు ప్రతి ఆదివారం చర్చిలో ఎలక్ట్రిక్ గిటార్ కొడతడు, రా, చూద్దువు" అన్నాడు. నిజానికి మా పట్టణాల్లో గిటారు బతికి ఉన్నదంటే చర్చిల పుణ్యమే, ఇంకెవరి గొప్పా కాదు. ఆ తమ్ముడు మర్యాదగా తన గిటారు మిల్లుకే తెచ్చాడు. నిండు చెక్కది, మెడ సన్నం. ఎంత సన్నమో తేల్చడానికి మిల్లు ఫిట్టరును పిలిచాం. బేరింగులు కొలిచే వెర్నియర్ తెచ్చి, తీగలు వదులు చేయించి, మొదటి మెట్టు దగ్గర పెట్టాడు. 20 మిల్లీమీటర్లకు కాస్త తక్కువ. పన్నెండో మెట్టు దగ్గర 22. ఫిట్టరు ముఖం చిట్లించాడు.

"ఇటు చివర అరిగింది సార్. షాఫ్టు అయితే మెటల్ పోసి లేతు పట్టియ్యాలె."

అది అరగలేదు, తయారీయే అంత అంటే నమ్మలేదు. ఆరు తీగలూ కలిసి ఆ కర్రను దాదాపు 45 కిలోల బలంతో లాగుతుంటాయని చెప్పాక మాత్రం బామ్మర్ది లేచి నిలబడ్డాడు. "అంటే రెండు పాతిక కిలోల బస్తాలకు జరంత తక్కువ. గంత బరువు గీ పుల్ల మీదనా?" అని గిటారు వైపు మొదటిసారి గౌరవంగా చూశాడు.

ఆ కొలత జేబులో పెట్టుకుని ఫోన్లో కంపెనీల వివరాలు చదవడం మొదలుపెట్టాను. చెక్క ఏ చెట్టుదో రాస్తారు, మెట్ల మీద పొదిగిన చుక్కలు దేనితో చేశారో రాస్తారు, రంగుకు కవిత్వం లాంటి పేరు పెడతారు. మెడ దగ్గరికి వచ్చేసరికి ఒక ఇంగ్లిషు అక్షరంతో సరిపెడతారు. స్క్వయర్ స్టార్‌కాస్టర్‌కు సి. గ్రెచ్ స్ట్రీమ్‌లైనర్‌కు సన్న యు. సన్నదని వాళ్లే ఒప్పుకున్నారు కాబట్టి దండం పెట్టి పక్కన పెట్టాను. సి అన్నది మెడ వెనక వంపు చెబుతుందే గానీ లావు చెప్పదు. గిబ్సన్ వాళ్ల మెడలే 1958లో దాదాపు 23 మిల్లీమీటర్లుండి, 1960 వచ్చేసరికి 20 దాకా చిక్కిపోయాయి. మిల్లీమీటర్లలో లావు అచ్చేసే మర్యాద నాకు ఐబనెజ్ వాళ్ల దగ్గర కనిపించింది. ఆ జపాన్ కంపెనీ మూలం 1908లో నగోయాలో ఒక పుస్తకాల షాపు పెట్టిన సంగీత విభాగం. పుస్తకాలు అమ్మినవాళ్లు గనక రాయడం తెలుసు. ఐతే వాళ్ల చవక సెమీ హాలోలు నాకు కావాల్సినంత లావు కావు.

ఈ లెక్కలన్నీ కోదాడలో మామయ్య ముందు పెట్టాను. ఆయన అంగట్లో పశువుల బేరాలు చేసి పండినవాడు. అంతా విని చుట్ట ఆర్పాడు.

"అల్లుడా, ఎద్దును కొంటే ముందుగాల మెడ చేత్తోని పట్టి చూస్తం. కాడి పడే జాగ అది. నువ్వేమో ఫోన్ల బొమ్మ చూసి కొంటనంటున్నవ్. నచ్చకపోతే మల్ల తీసుకపోతడా వాడు?"

గిటార్ల మీద నేను చదివినదాంట్లో ఇంతకంటే పనికొచ్చే ముక్క లేదు. తీగల కదలికను పట్టుకునే పికప్‌లు బాగా లేకపోతే మార్చుకోవచ్చు. బిరడాలు, తీగలు, బ్రిడ్జి, లోపలి వైరింగు అన్నీ మారుతాయి. సెమీ హాలోల్లో ఎక్కువ వాటికి మెడను ఒంటికి జిగురుతో అతికిస్తారు. స్టార్‌కాస్టర్ లాగా మరలతో బిగించినది ఐతే తప్ప, ఆ మెడతోనే జీవితాంతం కాపురం చేయాలి. అలాంటి మెడ సంగతి వదిలేసి జనం పికప్‌ల గురించి కొట్టుకుంటారు.

మా ఆవిడ ఈలోగా అమెరికా గిటారు వాద్యకారుడు బి.బి. కింగ్ కథ అడిగింది, నేను చెప్పాను. 1949లో ఆర్కన్సాలోని ట్విస్ట్ అనే ఊళ్లో ఆయన వాయిస్తుంటే, లూసిల్ అనే ఆవిడ కోసం ఇద్దరు కొట్టుకున్నారు. కిరసనాయిలు డ్రమ్ము దొర్లి హాలు అంటుకుంది. బయటపడ్డ కింగ్ గిటారు కోసం మళ్లీ మంటల్లోకి పోయాడు, అప్పట్నుంచి తన గిటార్లన్నిటికీ లూసిల్ అనే పేరు.

"అప్పటికి ఆయనకు పెళ్లయిందా?"

"అయింది."

"మరి వాళ్లావిడ ఏమన్నదంట?"

1952లో విడాకులయ్యాయన్న సంగతి నేను బయటపెట్టలేదు.

చివరికి హైదరాబాదులో ఒక సాఫ్ట్‌వేర్ కుర్రాడు వాడి అమ్ముతున్న ఈఎస్-335 దొరికింది, లక్షల గిబ్సన్ కాదు, గిబ్సన్ వాళ్లే ఎపిఫోన్ పేరుతో అమ్మే చవక రకం. 2020లో ఆ కంపెనీ కొత్తగా తెచ్చిన రకం, మెడ పాతవాటికంటే గుండ్రంగా, నిండుగా ఉంటుంది. ప్లగ్గు పెట్టమన్నాడు, వద్దన్నాను. కళ్లు మూసుకుని మెడ పట్టుకున్నాను. వెర్నియర్ తీశాక కుర్రాడు భయపడ్డాడు గానీ కొలత 22కు కొంచెం తక్కువ వచ్చింది. చెయ్యి నిండింది. ధర ఇక్కడ రాయను, మా ఇంటికి ఈ పత్రిక వస్తుంది.

తిరుగు ప్రయాణంలో ఆర్టీసీ ఎక్స్‌ప్రెస్సులో పక్క సీట్లో పెట్టెను నిలబెట్టాను. కండక్టరు వచ్చి "ఇదెవరిది?" అన్నాడు.

"లూసిల్. ఆడమనిషి. జీరో టికెట్ కొట్టండి."

ఆయన నవ్వలేదు. "ఆధార్ చూపియ్యుండ్రి" అన్నాడు. లగేజీ టికెట్ కొట్టించుకున్నాను.

మీ అరచేయి పెద్దదైతే నా మాట ఇది: మొదటి మెట్టు దగ్గర 21 మిల్లీమీటర్లకు తగ్గిన మెడను, అది ఎంత అందంగా మెరిసినా, ఎంత తగ్గింపులో వచ్చినా కొనకండి. పట్టి చూసే వీలు లేకపోతే తిరిగి తీసుకుంటామని రాసిచ్చినవాడి దగ్గరే కొనండి. ఇకపోతే సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడల్లో ఎవరి దగ్గరైనా 23 మిల్లీమీటర్ల మెడ ఉన్న సెమీ హాలో ఉంటే దయచేసి ఒక్కసారి పట్టుకోనివ్వండి. వెర్నియర్ నేనే తెచ్చుకుంటాను, టీ ఖర్చు కూడా నాదే.