మదరాసు కార్డుల బాబాయి

మదరాసు సెంట్రల్లో రైలు దిగిన బావమరిది రెండు పెట్టెలూ ఒక మామిడిపళ్ళ బుట్టా పట్టుకుని ఎండలో నిలబడ్డాడు. ఎదురు రావలసిన, పాత బొమ్మల పోస్టుకార్డులు పోగుచేసే కార్డుల బాబాయి రోడ్డవతల ఆగిపోయి, గడియారం బురుజును ఎగాదిగా చూస్తున్నాడు.

"రంగు తప్పు" అని తేల్చాడు.

1873లో కట్టిన ఆ స్టేషన్ బాబాయి పాత కార్డులో లేతగులాబీ రంగులో ఉంటుంది. ఆ రోజుల్లో ఫొటోలు నలుపు తెలుపులవే. కార్డులు బోలెడు జర్మనీలో అచ్చయ్యేవి. మదరాసు మొహం చూడని పనివాడు తోచిన రంగు పూసేవాడు. ఇదంతా బాబాయికి తెలుసు. అయినా తప్పు భవనానిదే అంటాడు.

ఆదివారం పాత కాగితాల దుకాణంలో మాత్రం ఆయన సీబీఐ. దుకాణదారు ఓ కార్డు తీసి "1890 నాటిది సార్" అన్నాడు. బాబాయి భూతద్దం బయటికి తీశాడు. "బొమ్మలో రిపన్ బిల్డింగ్ ఉందేమయ్యా? అది తెరిచిందే 1913లో. స్టాంపు మీద ఐదో జార్జి. 1890లో అయితే విక్టోరియా రాణి ఉండాలి; ఆవిడ పోయింది 1901లో, పాపం." ధర సగానికి పడింది. బాబాయి బేరం గెలిచాడు గానీ, ఆ మిగిలిన సగమూ ఇంటి పాలడబ్బులే.

కార్డు వెనకవైపు ఆయనకు ఇంకా ప్రీతి. బ్రిటన్లో 1902 దాకా ఆ వైపు చిరునామా తప్ప మరేమీ రాయకూడదు. కబుర్లన్నీ బొమ్మ పక్కన ఇరికించాలి. అందుకే హైకోర్టు గోపురం మీద ఎవరో దొర గారి అజీర్తి వివరాలు కనిపిస్తాయి. పరాయివాళ్ళ ఉత్తరాలు చదవడం మర్యాద కాదని పిల్లలకు చెప్పే బాబాయి, వీటిని మాత్రం "చరిత్ర పరిశోధన" అంటాడు. "కరెంటు బిల్లు ఎక్కడ పెట్టారో తెలీదు గానీ, దొర కడుపునొప్పి తారీఖుతో సహా చెప్తారు" అంటుంది పిన్ని.

ఒక్క కార్డు దగ్గర ఆయన గొంతు తగ్గుతుంది: మూర్ మార్కెట్. పాత పుస్తకాల కోసం తెలుగువాళ్ళూ ఎగబడిన ఆ ఎర్రభవనం 1985లో కాలిపోయింది. ఇప్పుడక్కడ లోకల్ రైళ్ళ స్టేషన్ ఉంది. పక్కనే ఉన్న విక్టోరియా పబ్లిక్ హాలు కార్డు తీస్తే మళ్ళీ హుషారు: 1883లో దానికి శంకుస్థాపన చేసింది విజయనగరం మహారాజు ఆనంద గజపతిరాజు. "మనవాడే!" అంటాడు, స్వయంగా తాపీ అందించినట్టు.

బాబాయికి బద్ధశత్రువులు స్టాంపుల సేకర్తలు. కార్డును నీళ్ళలో నానబెట్టి స్టాంపు ఊడదీస్తారు; దాంతోపాటు తపాలా ముద్ర, తారీఖు పోతాయి. కాబట్టి మీ తాతగారి అటక మీద అలాంటి కార్డు దొరికితే దయచేసి తడపకండి. బాబాయికి చూపించండి. తిరిగి ఇస్తాడన్న హామీ మాత్రం మేమివ్వలేం.