పేరు కలిస్తే విడదీయకండి

మీ వీధిలో ఇప్పటికే నలుగురు పెంచలయ్యలు ఉన్నారా? అయితే మీ మనవడికి కూడా పెంచలయ్య అనే పెట్టండి. చుట్టాలు అడ్డం పడతారు. బడిలో హాజరు పిలిస్తే ఇద్దరు లేస్తారంటారు, ఆసుపత్రిలో చీటీలు తారుమారవుతాయంటారు, పెద్దయ్యాక వీసా కాగితాల దగ్గర తంటా అంటారు. వినకండి.

నెల్లూరు జిల్లా తోటపల్లి గూడూరు మండలంలోనూ ఇప్పుడు పిల్లల పేర్లు సెల్‌ఫోన్‌లో వెతుకుతున్నారు. ఎవరికీ లేని పేరు కావాలట. ఎవరికీ లేని పేరు పెట్టుకున్న బిడ్డకు ఆ పేరు మీదుగా ఊళ్ళో చుట్టరికం ఒక్కటీ ఉండదు. పెంచలయ్యకు అలా కాదు. రాపూరు దగ్గర పెంచలకోనలో నరసింహస్వామికి మొక్కుకున్న ఇంట్లో పుట్టిన బిడ్డకు ఆ పేరు వచ్చింది. పెంచల్ రెడ్డి, పెంచల నాయుడు, పెంచలమ్మ అందరూ అదే కోనకు మొక్కుకున్న ఇళ్ళవాళ్ళు. పెన్న ఒడ్డున తల్పగిరి రంగనాథుడు ఉన్నాడు కాబట్టి ఈ జిల్లాలో రంగయ్యలకూ రంగమ్మలకూ లోటు లేదు. జొన్నవాడ అమ్మవారి పేరున కామాక్షమ్మలు, సూళ్ళూరుపేట చెంగాలమ్మ పేరున చెంగయ్యలు, చెంగమ్మలు. ఈ పేర్లు వింటే చాలు, ఆ ఇంటివాళ్ళు ఏ గుడికి నడిచి వెళ్ళారో తెలిసిపోతుంది.

వీటన్నిటిలోకీ నాకు ఎక్కువ ఇష్టమైన పేరు మస్తాన్. కసుమూరు దర్గాలో ఉన్న మస్తాన్ వలికి మొక్కుకున్నవాళ్ళలో అన్ని మతాలవాళ్ళూ ఉన్నారు. అందుకే మస్తాన్ బీ ఉంది, మస్తానమ్మా ఉంది. మస్తాన్ వలి ఉన్నాడు, మస్తానయ్యా మస్తాన్ రెడ్డీ ఉన్నారు. నెల్లూరు పల్లెల్లో నిలబడి మస్తాన్ అని గట్టిగా పిలిస్తే మసీదు వీధి నుంచీ పలుకుతారు, రామాలయం వీధి నుంచీ పలుకుతారు. ఇంకే పేరుకు ఇంత బలం ఉంది? దీన్ని వదిలేసి నిఘంటువులో దొరకని మూడక్షరాలు తెచ్చుకోవడం నాకు మింగుడుపడదు. ‘పెంచల’ను పొడి అక్షరంగా ముందు దాచి, వెనకాల కొత్త పేరు తగిలించే రాజీ కూడా చెయ్యకండి. స్వామికిచ్చిన మాటను ఒక్క అక్షరానికి కుదించినట్టు అవుతుంది.

మరి పదిమందిలో ఎవరు ఎవరో ఎలా తెలుస్తుందంటారా? ఆ పని ఊరికి వదిలెయ్యండి. పదమూడో శతాబ్దంలో మనుమసిద్ధి ఏలిన నెల్లూరులో ఇద్దరు తిక్కనలు ఉండేవారు. ఇద్దరూ అన్నదమ్ముల బిడ్డలే. ఒకే వంశంలో, ఒకే కాలంలో, ఒకే రాజు కొలువులో ఉన్నా ఎవరూ వాళ్ళ పేర్లు మార్చమని అడగలేదు. ఒకాయన విరాటపర్వం మొదలుకొని పదిహేను పర్వాల భారతాన్ని తెలుగు చేసి కవి తిక్కన అయ్యాడు. రెండో ఆయన పశువుల మేత బీళ్ళ పుల్లరి తగాదాలో కాటమరాజు మీదికి యుద్ధానికి వెళ్ళి ప్రాణం ఇచ్చి ఖడ్గ తిక్కన అయ్యాడు. ఏడు వందల ఏళ్ళు దాటినా ఈ ఇద్దరినీ కలగలిపిన తెలుగువాడు లేడు. వాళ్ళను విడదీసిన మాటలు ఉయ్యాలలో పెట్టినవి కావు, చేసిన పనిని బట్టి వచ్చినవి. మీ పెంచలయ్యకూ అట్లాంటి మాట ఒకటి వస్తుంది. తొందరపడి మీరే తగిలించకండి.

తాత పేరు మనవడికి పెట్టే ఆచారాన్ని అస్సలు మానకండి. 1923లో నిమ్మకూరులో పుట్టిన నందమూరి తారక రామారావు పేరే 1983లో పుట్టిన మనవడికీ ఉంది. తెలుగు ప్రేక్షకులకు ఇద్దరితోనూ ఇబ్బంది రాలేదు. అయితే ‘జూనియర్’ అనే తోక నాకు నచ్చదు. వయసు తప్ప మనిషి గురించి అందులో ఏమీ లేదు. ఇళ్ళలో పద్ధతి అంతకంటే బాగుండేది. భర్త పేరు నోటితో అనని అవ్వ మనవణ్ణి ‘అబ్బయ్యా’ అనో ‘చిన్నోడా’ అనో పిలిచేది. అసలు పేరు చదువులకూ కాగితాలకూ మిగిలేది. పిల్లవాడికి రెండు పేర్లు దక్కేవి, రెండూ ప్రేమగా పెట్టినవే.

ఊరు తగిలించే మాటల విషయంలో మాత్రం నేను గట్టిగా ఉంటాను. కుంటి, గుడ్డి, నల్ల, బక్క అని ఒంటిని పట్టుకుని మనుషులను వేరుచేసే అలవాటు మన పల్లెల్లో ఉంది. కులం పట్టుకుని వేరుచేసేది ఇంకా చెడ్డ అలవాటు. ఈ రెండింటినీ మీ నోట రానివ్వకండి, మీ ముందు ఎవరన్నా అంటే ఊరుకోకండి. రొయ్యల గుంటల పెంచలయ్య అనండి, కాలవ గట్టు పెంచలయ్య అనండి, టైలర్ పెంచలయ్య అనండి. తండ్రి పేరుతో చెప్పండి, తల్లి పేరుతో చెబితే మరీ మంచిది. ఎదుటివాడికి అర్థం కాకపోతే ఇంకో మాట చెప్పాల్సి వస్తుంది, దాని వెంట ఆ ఇంటి సంగతి కాస్త బయటికి వస్తుంది. మనుషులు ఒకరి గురించి ఒకరు తెలుసుకునేది ఇట్లాగే.

ఇక ఊళ్ళ సంగతి. తోటపల్లి గూడూరుకు మొదటిసారి వస్తున్నవాళ్ళకు నా సలహా ఒక్కటే. నేరుగా నెల్లూరులో దిగకండి, గూడూరు జంక్షన్‌లో దిగండి. అది నెల్లూరికి దక్షిణంగా సుమారు 38 కిలోమీటర్ల దూరంలో ఉంది. మీరు వెళ్ళాల్సింది నెల్లూరికి తూర్పున, సముద్రం వైపు. అయినా సరే, తెలిసే అక్కడ దిగండి. చెన్నై నుంచి విజయవాడ వెళ్ళే లైను నుంచి రేణిగుంట లైను చీలేది అక్కడే. నిమ్మకాయల మార్కెట్టుకు వెళ్ళి బస్తాల మధ్య ఒక పూట తిరగండి. ఆ తర్వాత రైలెక్కి వెనక్కి నెల్లూరికి వచ్చి, తూర్పు వైపు బస్సు పట్టుకోండి. సగం రోజు ఖర్చవుతుంది. కానీ తోటపల్లి గూడూరులో అడుగుపెట్టేటప్పటికి ‘ఏ గూడూరు’ అని ఎవరడిగినా చెప్పగలిగే మనిషై ఉంటారు. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడగొట్టినప్పుడు జంక్షన్ గూడూరు తిరుపతి జిల్లాలో కలిసింది. ఒకే జిల్లాలో రెండు గూడూర్ల గందరగోళం పోయిందని అప్పుడు సంతోషించినవారితో నేను ఏకీభవించలేదు. ఒకే కలెక్టరు కింద రెండు గూడూర్లు ఉండటం నెల్లూరుకు అందమే.

తోటపల్లి గూడూరువాళ్ళు మిగతా గూడూర్లకూ వెళ్ళిరావాలి. కృష్ణా జిల్లాలో బందరుకు దగ్గరగా ఒకటుంది. కర్నూలు జిల్లాలో ఒకటుంది. తెలంగాణలో మహబూబాబాద్ జిల్లా గూడూరు మండలంలోనైతే భీముని పాదం జలపాతం ఉంది. తిరుపతి, అన్నవరం యాత్రలకు డబ్బు దాచుకున్నట్టే గూడూర్ల యాత్రకూ దాచుకోండి. వెళ్ళినచోట ‘మాదీ గూడూరే’ అని మాట కలపండి. పేరులో ముందున్న సగాన్నీ వదలకండి. పార్వతీపురం మన్యం జిల్లాలో నాగావళి మీద బ్యారేజీ కట్టిన ఊరు తోటపల్లే. అక్కడి రైతులూ మీ చుట్టాలే. ఊరి పేరును ‘టి.పి. గూడూరు’ అని కుదించి చెబితే ఆ చుట్టరికం తెగిపోతుంది. బస్సు బోర్డు మీద చోటు చాలదంటే చిన్న అక్షరాల్లో రాయించండి.

తోటపల్లి గూడూరు మండలంలోనే కడలి ఒడ్డున కోడూరు ఉంది. ఒకప్పటి కడప జిల్లాలో మామిడి తోటల రైల్వే కోడూరు ఉంది. రైల్వే కోడూరువాళ్ళకు సముద్రం లేదు, ఈ కోడూరువాళ్ళకు రైలు లేదు. ఏడాదికొకసారి ఒకరినొకరు పిలుచుకోండి. నెల్లూరు ప్రాంతంలో సౌత్ మోపూరు, నార్త్ మోపూరు అని రెండున్నాయి, మధ్యలో పెన్న. దిక్కు తగిలించారు గాని మోపూరును మాత్రం ఎవరి నుంచీ లాక్కోలేదు. ఆ పద్ధతి మంచిది.

ఊరిపేరే ఇంటిపేరుగా ఉన్నవాళ్ళకు బాధ్యత ఇంకా ఎక్కువ. తోటపల్లి గూడూరు ఓటర్లు ఓటు వేసే అసెంబ్లీ నియోజకవర్గం సర్వేపల్లి. ఆ సర్వేపల్లి వెంకటాచలం మండలంలోని ఊరు, అక్కడి జలాశయానిదీ అదే పేరు. 1888లో తిరుత్తణిలో పుట్టి దేశానికి రాష్ట్రపతి అయిన రాధాకృష్ణన్ ఇంటిపేరూ అదే, వాళ్ళ పూర్వీకులు ఆ ఊరినుంచి వెళ్ళినవాళ్ళు. పొట్ట చేతబట్టుకుని ఊరు వదిలినవాళ్ళు పేరును మాత్రం వెంట తీసుకుపోయారు. కాబట్టి మీ ఇంటిపేరు గూడూరో, మోపూరో, కోడూరో అయితే దాన్ని ఒక్క పొడి అక్షరంలో దాచకండి. అమెరికాలో ఉన్నవాళ్ళు ఒక మెట్టు నయం. అక్కడ మర్యాదగా పిలిచేటప్పుడు చివరి పేరుతో పిలుస్తారు గనక ‘మిస్టర్ గూడూరు’ అనిపించుకుంటున్నారు. ఆ పిలుపు విన్నవాళ్ళు ఒక్కసారైనా ఆ ఊరికి వచ్చి చూడాలి. ఏ గూడూరో తెలియకపోతే అన్ని గూడూర్లూ చూడండి.

పేరు సముద్రం దాటితే వెంటపడి వెనక్కి లాక్కోకండి. బ్రెజిల్‌లో మాంసం కోసం పెంచే పశువుల్లో చాలాభాగం ‘నెలోర్’ జాతివి. ఆ జాతికి మూలం మన ఒంగోలు గిత్త. 1904 దాకా ఒంగోలు నెల్లూరు జిల్లాలోనే ఉండేది, అందుకే జిల్లా పేరు పశువుతో పాటు ఓడెక్కింది. ఒంగోలువాళ్ళు నొచ్చుకోవద్దు, నెల్లూరువాళ్ళు గొప్పలు పోవద్దు. ఇద్దరిదీ ఆ పశువు.

చివరగా కాగితాల సంగతి. 1972 ఆగస్టు 15న పిన్ కోడ్ వచ్చి ఊళ్ళ మధ్య తికమక చాలావరకు తీర్చింది, మనుషుల మధ్యది తీర్చలేదు. మీ పేరున్న మరొకరి ఉత్తరం మీ ఇంటికి వస్తే పోస్ట్‌మన్‌కు తిరిగి ఇవ్వకండి. కవరు చించకుండా మీరే వెళ్ళి ఇచ్చి, మంచినీళ్ళు తాగి రండి. ఒకే పేరున్న ఇద్దరూ వేరువేరు బ్యాంకులకు పోతే మంచిదని అందరూ చెబుతారు. నేను ఒకే బ్యాంకులో, ఒకే బ్రాంచిలో ఖాతాలు తెరవమంటాను. ఇద్దరినీ ఎదురుగా చూసిన గుమస్తాకు ఇద్దరున్నారన్న సంగతి గుర్తుంటుంది. ఒకరినే చూసినవాడు రెండోవాడు ఉన్నాడనే అనుకోడు.

పొలం దగ్గర పేరు చాలదు, అక్కడ సర్వే నంబరూ ఖాతా నంబరూ చూసుకోవాల్సిందే. దానికి కూడా ఒంటరిగా పోకండి. ఏటా కోతలయ్యాక ఊళ్ళో ఒకే పేరున్న పట్టాదారులంతా పాసుపుస్తకాలు పట్టుకుని సచివాలయానికి కలిసే వెళ్ళండి. అడంగల్‌లో ఏ నంబరు ఎవరిదో పక్కపక్కన కూచుని ఒకరిది ఒకరు చదివి చూసుకోండి. తప్పుంటే దిద్దుబాటు అర్జీ మీద ఇద్దరూ సంతకాలు పెట్టండి.