పేరు మార్చాం, సర్దుకో మృగరాజా!

2024 ఫిబ్రవరిలో త్రిపుర జూ నుంచి పశ్చిమ బెంగాల్‌లోని సిలిగురి సఫారీ పార్కుకు ఒక సింహాల జంట బదిలీ అయింది.

మగదాని పేరు అక్బర్. ఆడదాని పేరు సీత.

ఇంకేముంది! విశ్వహిందూ పరిషత్ కలకత్తా హైకోర్టుకెక్కింది.

వాదనలు జరిగాయి. వేరే పేర్లు చూడమని న్యాయమూర్తి సూచించారు. త్రిపురలో అటవీశాఖ ఉన్నతాధికారి ఒకరు సస్పెండయ్యారు.

ఎవరి పక్కన ఎవరుండాలో తేల్చడానికి ఇంతమంది కదిలారు. అసలు లోపల ఎందుకుండాలని మాత్రం ఒక్కరూ అడగలేదు. అడిగితే జూ టిక్కెట్లు ఎవరు కొంటారు? సెల్ఫీలు ఎవరితో దిగాలి?

యావజ్జీవ ఖైదీని కూడా ‘నీ పేరు మాకు నచ్చలేదు’ అని ఏ జైలరూ వేధించడు. మృగరాజుకు ఆ భాగ్యమూ లేదు.

పోనీ, అడవికి పంపమని కోర్టులు చెప్పవా అంటే, ఎందుకు చెప్పవు? గుజరాత్ గిర్ సింహాల్లో కొన్నింటిని మధ్యప్రదేశ్‌లోని కునో అడవికి తరలించమని సుప్రీంకోర్టు 2013లోనే చెప్పింది. ఆర్నెల్లు గడువు కూడా పెట్టింది.

బోనులోంచి బోనులోకైతే లారీ ఇట్టే దొరుకుతుంది. అడవికంటేనే కమిటీలు, మీటింగులు, ‘మా సింహాలు మావే’ అనే పౌరుషాలు.

2022లో నమీబియా చీతాలు విమానమెక్కి వచ్చి కునోలో దిగాయి. పక్క రాష్ట్రం సింహాలు రాలేదు.