పిల్లల పుస్తకం.. పెద్దల పేచీ

హ్యారీ పోటర్ మీద తీర్పు చెప్పని పెద్దమనిషి లేడు. ఆ తీర్పుల ఘనత చూడండి. రచయిత్రి రౌలింగ్ రాతప్రతిని డజను దాకా ప్రచురణ సంస్థలు తిప్పి పంపాయి. బ్లూమ్స్‌బరీ ప్రచురణ సంస్థ అధిపతి ఎనిమిదేళ్ల కూతురు మొదటి అధ్యాయం చదివి, మిగతాదేదని నిలదీసింది. 1997లో పుస్తకం బయటికొచ్చింది.

అప్పుడు పెద్దలకు కొత్త చిక్కు. చదవాలి, చదువుతున్నట్టు కనపడకూడదు! ప్రచురణకర్త కనికరించి, అదే కథకు గంభీరమైన అట్ట తొడిగి ‘పెద్దల ప్రతి’ వేశాడు. రైల్లో పరువు దక్కింది.

న్యూయార్క్ టైమ్స్ అమ్మకాల జాబితాలో పోటర్ పుస్తకాలు తిష్ఠ వేసేసరికి, 2000లో పిల్లల పుస్తకాలకు వేరే జాబితా పెట్టారు. గెలిచినవాణ్ని పక్క మైదానానికి పంపితే ఓడినవాళ్లకూ పతకాలొస్తాయి మరి! అదే ఏడాది విమర్శకుడు హెరాల్డ్ బ్లూమ్, కొన్న మూడున్నర కోట్ల మందీ పొరబడ్డారని తేల్చేశారు. పాఠకులదే తప్పయితే ఇక పేచీ ఏముంది?

ఇంకొందరు, ఈ పుస్తకాలు పిల్లలకు మంత్రవిద్య నేర్పుతున్నాయని వాపోయారు. అమెరికన్ లైబ్రరీ అసోసియేషన్ లెక్కల్లో 2000-2009 మధ్య అత్యధికంగా అభ్యంతరాలు ఎదుర్కొన్నది ఈ నవలలే. ఇన్నేళ్లయినా పుల్ల ఊపి హోంవర్కు మాయం చేసిన పిల్లాడు ఒక్కడూ కనపడలేదు. అల్మారాలోని పుస్తకాన్ని మాయం చేసే మంత్రం మాత్రం పెద్దలకు బాగానే వంటబట్టింది!