ముందు సీటు మావయ్య

మా మావయ్యకి డ్రైవింగు రాదు. అయినా ఆలమూరులో మా ఇంటి ముందు నుంచి ఏ కారు కదిలినా నడిపేది ఆయనే. ముందు సీట్లో ఎడమ పక్కన, మెడలో తువ్వాలు, ఒళ్లో పులిహోర క్యారేజీతో కూర్చుని "హారన్ కొట్టు", "గేదె, గేదె", "ఆపు... ఆఁ, పోనీ" అంటూ నోటితోనే బండి లాగేస్తారు. స్టీరింగు పట్టుకున్నవాడు ఉత్త సాయం మనిషి. ఇలాంటాయన మీ ఇంట్లోనూ ఉండే ఉంటారు. మావాడి సంగతి చదివాక మీవాడి మీద కాస్త గౌరవం పెరిగితే ఆ పుణ్యం నాకే.

మారేడుమిల్లికి బుద్ధున్నవాళ్లు చలికాలంలో వెళ్తారు. మావయ్య శ్రావణమాసంలో ముహూర్తం పెట్టారు. "చలికాలం అందరూ వెళ్తార్రా. కొండని చూడాలంటే వానలోనే చూడాలి" అన్నారు. అసలు సంగతి వేరు. ఊడ్పులు అయిపోయాయి, గోదారి తగ్గుముఖం పట్టింది, ఇంట్లో వ్రతాల హడావుడి. కేకలేయడానికి ఆయనకి మనిషి దొరకడం లేదు. కార్లో అయితే పారిపోయే వీలు లేని నలుగురం దొరుకుతాం.

జొన్నాడ, రాజమండ్రి, కోరుకొండ, గోకవరం. గోకవరం దగ్గర టీ తాగుతుంటే "ఎక్కడినుంచండీ?" అన్నాడు కొట్టతను. "కోనసీమండి" అన్నారు మావయ్య, కొబ్బరిచెట్టంత నిటారుగా. నిజానికి అసలు కోనసీమ వాళ్లు మమ్మల్ని లెక్కలోకి తీసుకోరు. గౌతమి దాటి రావులపాలెంలో అడుగుపెడితేగానీ కోనసీమ కాదని వాళ్ల వాదన. మా ఆలమూరు ఇవతలి గట్టున ఉంది. 2022 ఏప్రిల్ 4న కొత్త జిల్లాలు వచ్చి మమ్మల్ని కోనసీమలో కలిపాక మావయ్యకి సర్కారు ముద్ర కూడా దొరికింది. అంతకు ముందు ముద్ర లేకుండానే చెప్పేవారు.

గోకవరం నుంచి రంపచోడవరానికి ఉన్నది ఒకటే రోడ్డు. అయినా మూడుచోట్ల అద్దం దింపించి దారి అడిగారు. అడగడంతో ఆగితే బాగుండును, చెప్పిన మనిషితో వాదన కూడా వేసుకున్నారు. ఆ వాదన తేలేలోపు వాన లోపలికొచ్చి వెనక సీట్లో మా అత్తయ్య చీర తడిసిపోయింది. "ఆ ఫోనులో చూపిస్తోంది కదండీ దారి" అందావిడ. "ఫోనుకేం తెలుసు, అదెప్పుడైనా ఇటొచ్చిందా?" అన్నారు మావయ్య.

రంపచోడవరంలో మాత్రం మనిషి మారిపోయారు. బండి ఆపించి, వానలోనే గొడుగేసుకుని నిలబడి, డ్రైవరు కుర్రాడికి అల్లూరి సీతారామరాజు కథ చెప్పారు. 1922 ఆగస్టు 22న చింతపల్లి స్టేషను, మర్నాడు కృష్ణదేవిపేట, ఆ మర్నాడు రాజవొమ్మంగి. కాగితం చూడకుండా, తడుముకోకుండా. ఆయన చదువు ఎస్సెల్సీతో ఆగిపోయిందంటే ఎవరూ నమ్మరు. నేనూ నోరు తెరుచుకుని వింటున్నాను. అంతలో "చూశావా? ఇదే ఆగస్టు, ఇదే వాన, ఈ కొండల్లో కాలినడకన తిరిగారు. నువ్వు ఏసీ సరిగా రావట్లేదని ఏడుస్తున్నావ్" అని ముగించారు. "ఆయ్, ఏసీ కట్టేయమంది తమరేనండి" అన్నాడు కుర్రాడు.

కొత్త ఊళ్లో కాలుపెడితే ఆయన అడిగే మొదటి ప్రశ్న "ఎకరం ఎంతకి చెబుతున్నారు?" తిరుపతిలోనూ అడిగారు, కాశీలోనూ అడిగారు. మారేడుమిల్లిలో బొంగులో చికెన్ కాల్చే కుర్రాణ్ణి అడిగారు. "ఇక్కడ 1/70 అండి. గిరిజనులు కానోళ్లకి భూమి రాదండి" అన్నాడతను, బొంగు తిప్పుతూనే. 1970 నాటి ఆ చట్టం మావయ్యకి తెలియక కాదు. "కొంటానన్లేదు బాబూ, ఊరికే అడిగాను" అన్నారు. ఎప్పుడూ ఊరికే అడుగుతారు. నన్ను చూసి నవ్వకండి గానీ, నేను ఆ పూట బస చేసిన చోట కిటికీ తలుపు తట్టి చూసి, కర్ర ఏమిటి, అడుగెంత పడింది అని అడిగాను. మేనల్లుణ్ణి కదా.

ఆ చికెన్‌కి నూనె చుక్క వెయ్యరు. మసాలా పట్టించి, పచ్చివెదురులో కూరి, ఆకుతో మూతి బిగించి నిప్పుల మీద కాలుస్తారు. "నూనె లేకుండా కూరేమిట్రా" అంటూ ఎక్కువ తిన్నది మావయ్యే.

మర్నాడు తెల్లవారుజామున జీపులో గుడిస కొండకి బయల్దేరాం. దారిలో వాగు పొంగి చప్టా మునిగిపోయింది. ఇక చూడాలి ఆయన వైభవం! మనవడి పుట్టినరోజు గుర్తుండదు గానీ ధవళేశ్వరం దగ్గర 11.75 అడుగులకి మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది అని నిద్రలో లేపినా చెబుతారు. పంచె ఎగ్గట్టి, కర్రతో లోతు చూసి, "పైన భద్రాచలంలో పెరిగితే మనదాకా రావడానికే ఓ రోజు పడుతుంది. ఇది తగ్గేసరికి రేపు సాయంత్రం. జీపు తిప్పు" అని తీర్పు చెప్పేశారు.

జీపతను గట్టున గొంతుక్కూర్చుని బీడీ ముట్టించాడు. "గంటాగండి సార్."

మావయ్య నవ్వారు. గంట కాకుండానే చప్టా రాళ్లు తేలాయి. ప్రాణహిత, ఇంద్రావతి, శబరి అన్నీ కలుపుకుని తీరిగ్గా వచ్చే గోదారి లెక్క వేరు, పైకొండ మీద వాన పడితే దూకి, వాన ఆగితే పోయే వాగు లెక్క వేరు. మావయ్య కాసేపు మాట్లాడలేదు. తర్వాత "మా చేలో నీళ్లు ఇలా పోతే ఎంత బాగుండును. అయిదురోజులైనా కదలవు" అన్నారు, కొంచెం అసూయగానే.

దారిలో ఒక కొండరెడ్ల ఊరు దగ్గర చోళ్ల చేను కనబడింది. ఏటవాలు మీద, రాళ్ల మధ్య. కాలవ లేకుండా చేను ఉండగలదని ఆయన కళ్లు ఒప్పుకోలేదు. "నీళ్లెక్కణ్ణించి పెడతారు?" అన్నారు. "వానేనండి" అన్నాడు చేనుగలాయన. ఇద్దరూ అరుగు మీద కూలబడి విత్తనం దగ్గర్నుంచి పందుల బెడద దాకా మాట్లాడుకున్నారు. ఎకరం ధర అడగలేదు. క్యారేజీ విప్పి పులిహోర ముందు ఆయనకీ జీపతనికీ పెట్టించారు. మాకు అడుగున మాడిన పల్లీలు మిగిలాయి.

గుడిస పైన మంచు తప్ప ఏమీ కనపడలేదు. అందరం ఫొటోలు దిగాం, వెనక ఏ కొండుందో తెలియకుండా.

తిరుగు ప్రయాణంలో సిగ్నలు తగలగానే మావయ్య ఫోను తీశారు. తోడల్లుడితో "మోకాల్లోతు వాగు దాటాం" అన్నారు. గోకవరంలో వియ్యంకుడితో మాట్లాడేసరికి నడుంలోతు అయింది. కోరుకొండ దగ్గర పీకలదాకా వచ్చింది, జీపు కాస్త పక్కకి కొట్టుకుపోయింది కూడా. రాజమండ్రిలో ఇంకెవరికో చెయ్యబోతుంటే డ్రైవరు కుర్రాడు బండి స్పీడు పెంచాడు. "ఎందుకురా అంత తొందర?" అన్నారు మావయ్య.

"ఆయ్, మూడో హెచ్చరిక రాకుండా ఇంటికి చేరిపోదామనండి."