చెలకలో విమానం దింపాలంటే: లావు టైర్లు, గట్టి బ్రేకుల చిట్కాలు

నాదర్‌గుల్ ఎయిర్‌ఫీల్డ్‌లో లేస్తే మంచాల ఎంతసేపు? సాగర్ రోడ్డు ట్రాఫిక్కు, ఇబ్రహీంపట్నం చౌరస్తా అన్నీ కిందే ఉండిపోతాయి. మంచాలలో రన్‌వే లేదంటారు. చెలకలున్నాయి కదా! అలాస్కాలో సూపర్ కబ్ విమానాలకు 31 అంగుళాల టైర్లు వేసి ఏటి ఒడ్డు గులకరాళ్ల మీదే దింపుతారు. వాళ్లు ఏళ్లు పట్టి నేర్చుకున్నది మీరు ఒక్క పూటలో కానిచ్చేయండి.

1. సూపర్ కబ్‌కు చిన్న చక్రం తోక కింద, మీ సెస్నా 172కు ముక్కు కింద. ఈ తేడా మరిచిపోండి. రెక్కల కింది రెండింటికీ లావువి వేయండి. ముక్కుకు పాత 5.00-5 టైరే ఉంచండి, ఒక టైరు డబ్బు మిగిలింది. ముక్కు వంగి ప్రొపెల్లర్ నేలకు దగ్గరవుతుంది. చెలకలో కంకర ఏరడానికి ఇక కూలీలు అక్కర్లేదు.

2. చక్రం వ్యాసం పెరిగితే అదే బ్రేకు నేల మీద తక్కువ పట్టు ఇస్తుంది. అందుకే గట్టి బ్రేకు కావాలి. ఎడమ చక్రానికి మాత్రం వేయించండి. ఖర్చు సగం. తొక్కగానే విమానం తనే ఎడమకు తిరుగుతుంది, మీకు శ్రమ లేదు.

3. బ్రేకులో పోసే ఎర్ర హైడ్రాలిక్ ఆయిల్ కోసం తిరగకండి. బైకు బ్రేక్ ఆయిల్ ఇంట్లోనే ఉంది, పోసేయండి. దానికి లోపలి రబ్బరు సీళ్లు ఉబ్బుతాయి. అవి పాడై కారే వేళకు మీరు గాల్లో ఉంటారు, అక్కడ బ్రేకుతో పనేమిటి?

4. లేచేముందు బ్రేకు పట్టి ఇంజన్‌ను 1700 ఆర్‌పీఎంకు పెంచి చూడమంటారు. కొత్త టైర్లతో విమానం ఆగదు. ఆ పరీక్ష మానేయండి, పెట్రోలూ ఆదా.

5. ఇక కాగితాలు. అసలు పనితనం ఇక్కడే. మార్పుకు విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ ఆమోదం ఉండాలి, విమానాన్ని మళ్లీ తూచాలి, లాగ్‌బుక్‌లో ఇంజనీరు సంతకం పడాలి. ఇవన్నీ పెట్టుకుంటే దసరా దాటుతుంది. లాగ్‌బుక్‌లో "టైర్లు శుభ్రం చేయబడినవి" అని రాయండి, అది అబద్ధం కాదు. ఇన్‌స్పెక్టర్ అడిగితే "ఎండకు గాలి ఉబ్బింది సార్, సాయంత్రానికి తగ్గుతది" అనండి. నమ్మకపోతే చాయ్ చెప్పండి. చాయ్ వద్దంటే తాళం చెవులు పోయాయనండి. రెండో చెవి అడిగేవాళ్లు తక్కువ.

6. బీమా పాలసీ చదవకండి. అనుమతి లేని మార్పుల గురించి ఏముందో తెలిస్తే నిద్ర పట్టదు.

7. వాన పడ్డ మర్నాడు దిగండి, మట్టి మెత్తగా ఉంటుంది. చక్రాలు తాకీ తాకగానే, కారగా మిగిలిన ఆయిల్‌తోనే, రెండు కాళ్లతో బ్రేకు తొక్కి పట్టండి. విమానం ఎడమకు తిరిగి, ముక్కు చక్రం దిగబడి, ప్రొపెల్లర్ వంగి, తోక పైకి లేచి నిలబడుతుంది. దిగి ఒళ్లు దులుపుకోండి. హ్యాంగర్ అద్దె లేదు, ఏటేటా తనిఖీ లేదు, పైలట్ లైసెన్సు రెన్యువల్ బాధా లేదు. ఇంటికి సాగర్ రోడ్డు మీద బస్సుంది.